కల్వర్టు దగ్గర తగ్గే వెలుగు

నాకు ఒక పాడు అలవాటు ఉంది. కారు ఎక్కడ ఆగినా, సిగ్నల్ దగ్గరైనా రైల్వే గేటు దగ్గరైనా, నా కుడికాలు ఊరుకోదు. మెల్లగా యాక్సిలరేటర్ నొక్కుతుంది. ఇంజన్ ఒకసారి గుర్రుమని మళ్లీ తగ్గుతుంది. షాద్‌నగర్‌లో నాతో పాటు ఫ్యాక్టరీకి వచ్చే దోస్తు ఒకడు ఇది చూసి ప్రతిసారీ నవ్వేవాడు.

"ఏందన్నా, నిలవడ్డ బండిని ఊకె బెదిరిస్తవ్? అదేమన్న ఉరుకుతదా?"

నేనూ నవ్వేసేవాణ్ని. ఆ కాలు నాది కాదని వాడికి ఎలా చెప్పను? నా కారు కొత్తది. దానికి ఆ అవసరం లేదు. ఆ అవసరం బాపు కారుకు, మా నాన్న కారుకు ఉండేది. బాపు పోయాక ఆయన బట్టలు పంచేశాం, చెప్పులు ఎవరికో ఇచ్చేశాం. కాలు మాత్రం నాకు అంటుకుని ఉండిపోయింది.

బాపుది పాత అంబాసిడర్. మా ఊరు నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారికి కాస్త పక్కన ఉంటుంది. ఊళ్లో సగం ఇళ్లలో మగ్గాలే. బాపు కూడా మగ్గం నేసినవాడే. నడుం పట్టేసి మగ్గం గుంటలో కూర్చోలేని పరిస్థితి వచ్చాక, ఒక ముసలి డాక్టరు వదిలించుకుంటున్న ఆ కారును కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లకు, దవాఖానకు, చీరల మూటలు షాపులకు చేర్చడానికి. మగ్గం అమ్మ చేతికి వచ్చింది.

ఆ కాలపు కార్లలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజన్ జోరుగా తిరిగినంతసేపే దాని పని. బండి నెమ్మదిస్తే అది చేతులెత్తేస్తుంది, ఇక లైట్లు బ్యాటరీని తిని బతకాలి. అందుకే బండి ఆగినప్పుడల్లా ముందు లైట్లు ఎర్రబడి సన్నగిల్లేవి. డాష్‌బోర్డు మీద ఒక చిన్న ఎర్ర బల్బు వెలిగేది. బాపు వెంటనే కాలు ఆడించేవాడు. లైట్లు మళ్లీ లేచేవి, ఎర్ర బల్బు ఆరిపోయేది. ఎవరితో మాట్లాడుతున్నా, బీడీ ముట్టించుకుంటున్నా ఆ కాలు తన పని తాను చేసుకుపోయేది.

మా ఇంటి ముందు గదిలో మగ్గం, దానికి ఎదురుగా రోడ్డు వైపు కిటికీ. ఊరి మొదట్లో మలుపు, మలుపులో కల్వర్టు. అక్కడ రోడ్డు ఎప్పుడూ గుంతలే కాబట్టి ఎవరైనా బండి నెమ్మది చేయాల్సిందే. పొద్దుగూకాక వచ్చే బండి వెలుగు చేను మీదుగా వచ్చి మగ్గం వెనక గోడ మీద పడేది. వేరే బండైతే వెలుగు అలాగే వచ్చి అలాగే జరిగిపోయేది. బాపు బండైతే కల్వర్టు దగ్గర తగ్గి, బాపు కాలు ఆడించగానే మళ్లీ పెరిగేది. అమ్మ గోడ మీద అది చూసి "వచ్చిండు" అని చేతిలో పోగు తోసే నాడె పక్కన పెట్టి, నీళ్లు తోడడానికి లేచేది. ఆ ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

దసరాకు నేతగాళ్ల ఇళ్లలో మగ్గాన్ని పూజిస్తారు. ఆ రోజు నేత ఉండదు. మా ఇంట్లో దానికి తోడు ఇంకొకటి ఉండేది, అది బాపు సొంతంగా పెట్టుకున్న ఆచారం. మగ్గానికి కట్టిన దారంలోంచే కొంత తీసి కారుకు కట్టేవాడు. స్టీరింగుకో బంపరుకో కాదు, బానెట్ ఎత్తి డైనమోకు.

"దీని లోపట గూడ దారమే చుట్టి ఉంటది, రాగి దారం. గిది గూడ మగ్గమే. మనది బట్ట నేస్తది, గిది కరెంటు నేస్తది" అనేవాడు.

పాత దారం తీసేవాడు కాదు. పోయినేటి దాని మీద ఈ ఏటిది. నూనె, దుమ్ము పట్టిన ఆ దారాల కింద డైనమో నడుమంతా మునిగిపోయి ఉండేది. బాపు డైనమో నడుమ మీదనే కట్టేవాడు, వెనక కొసకు ఒక్క పోగునైనా పోనిచ్చేవాడు కాదు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు. నాకు కార్ల మీద ధ్యాస లేదు, బాపు ఆచారాల మీద అసలే లేదు.

తెలంగాణ వచ్చిన తర్వాతి రెండో దసరా అది. బాపు పొద్దున్నే ఎవరినో దవాఖానకు తీసుకుపోయి అలసిపోయి వచ్చాడు. "ఈయేడు కారుకు నువ్వే కట్టు, కొడుకా" అని అరుగు మీద ఒరిగాడు. నాకు సాయంత్రం బస్సుకు షాద్‌నగర్ పోవాలి. కొత్త ఉద్యోగం, కొత్త దోస్తులు, ఊళ్లో ఒక్క పూట కూడా ఎక్కువ ఉండబుద్ధి కాని వయసు. విసుక్కుంటూ బానెట్ ఎత్తాను. నడుమ మీద పాత దారాలు జిడ్డుగా ఉండి కొత్తది జారిపోతోంది. వెనక కొస శుభ్రంగా ఉంది. సరే, అక్కడే చుట్టేశాను. అమ్మ ఇచ్చిన కండెలో ఎర్ర పట్టు దారం ఎంత ఉంటే అంతా చుట్టాను, లావుగా. చుట్లన్నిటి మీదుగా బొటనవేలితో పసుపు ఒక్క గీత అడ్డంగా గీశాను, కుంకుమ అద్దాను, బానెట్ దించేశాను.

అక్కడ బెజ్జాలు ఉన్నాయి. నేను చూడలేదని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. చూశాను. అవి డైనమో వేడెక్కకుండా గాలి పోయే దారులని తెలియదు, అంతే. తెలియకపోవడానికి కారణం కూడా నేనే.

ఆ దీపావళికి నాలుగు రోజుల ముందు బాపు పోయాడు.

పొద్దుగూకే వేళ దేవరకొండ నుంచి ఖాళీ బండితో వస్తున్నాడు. పాలు పోసి సైకిల్ మీద తిరిగొస్తున్న ఒకాయన కల్వర్టు పక్కన కారును చూశాడు. లైట్లు లేవు, ఇంజన్ చప్పుడు లేదు. తాళం తిప్పినట్టే ఉంది, లైట్ల స్విచ్చు వేసినట్టే ఉంది. బాపు స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. గుండెపోటు అన్నారు దవాఖానలో. అక్కడి నుంచి మా ఇంటి కిటికీ కనిపిస్తుంది. అంత దగ్గర.

మర్నాడు నలుగురు కలిసి కారును ఇంటికి తోసుకొచ్చారు. వాళ్లలో మెకానిక్ పని తెలిసిన ఒకడు తాళం తిప్పి చూసి, బానెట్ కూడా ఎత్తకుండా తీర్పు చెప్పేశాడు.

"బ్యాటరీ ఖతం. ఛార్జింగ్ లేదు, డైనమో కాలి ఉంటది. కరెంటు లేక ఇంజన్ బందయ్యింది. పాపం, పెద్దమనిషి గాడనే చిక్కువడ్డడు."

పెట్రోలు కారు అది. బ్యాటరీ చస్తే ఇంజన్ కూడా చస్తుంది. నేను గుండు గీయించుకుని అరుగు మీద కూర్చుని ఆ మాట విన్నాను. నా దారం బెజ్జాలు మూసింది. డైనమో వేడెక్కి కాలింది. బండి ఆగిపోయింది. నొప్పితో ఉన్న మనిషి ఇల్లు కనబడుతూ ఉండగా ఇల్లు చేరలేకపోయాడు. నా తలలో ఇదంతా ఒక్క నిమిషంలో అల్లుకుపోయింది. అప్పటి నుంచి నాకు ఒక్కటే ప్రశ్న. ముందు ఆగింది కారా, గుండెనా? బానెట్ ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. అందుకే ఎత్తలేదు.

ఎవరికీ చెప్పలేదు. అమ్మకు అసలే చెప్పలేదు. కారును పక్క కొట్టంలో పెట్టి పచ్చ తాడిపత్రి పట్టా కప్పాం. అమ్మ శనివారం శనివారం తాడిపత్రి తీసి అద్దాలు తుడిచి మళ్లీ కప్పేది. ముందు గది కిటికీకి ఒక పాత చీర అడ్డంగా కట్టింది. దోమలకేమో అనుకున్నాను. ఊరికి పోయినప్పుడల్లా ఆ కొట్టం ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంట్లోకి పోయేవాణ్ని. షాద్‌నగర్‌లో గదిలో పడుకుంటే, రోడ్డు మీద పోయే లారీల వెలుగు గోడ మీద జరుగుతుంటే, అందులో ఏది తగ్గుతుందా అని చూస్తూ ఉండేవాణ్ని. ఏదీ తగ్గేది కాదు. అవన్నీ కొత్త బండ్లు.

పోయిన ఏడు హైదరాబాద్ నుంచి పాత కార్లు పోగుచేసే పిచ్చి ఉన్న ఒకాయన వచ్చాడు. తాడిపత్రి ఎత్తి చూసి మురిసిపోయాడు. అమ్మ అమ్మేది లేదంది. ఆయన పోయాక నా వైపు తిరిగింది.

"అమ్మొద్దన్న అని సంబురపడకు. ఎన్నేండ్లు గోరీ లెక్క పెట్టుకుంటం? నడుపు. నడపరాకపోతే నాకు ఎర్కలేని జాగల ఇడిసిపెట్టి రా."

ఎక్కడ వదిలిపెట్టినా ఆ బానెట్ నాతోనే వస్తుందని నాకు తెలుసు. ట్రాక్టరుకు కట్టి దేవరకొండకు లాక్కుపోయాను.

అక్కడ ఖిలా కింద బజారులో ఒక చాచా ఉన్నాడు. కార్ల వైరింగు పని. బాపు బండికి ఇరవై ఏళ్లు ఆయనదే చేయి. కళ్లద్దాల కాడ విరిగితే వైరు ముక్కతో కట్టుకుని అదే వాడుతున్నాడు. కారును చూసి దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముందు మడ్‌గార్డు మీద అరచేయి పెట్టాడు.

"మల్ల డైనమోనే నడిపిద్దామా బేటా, ఆల్టర్నేటర్ ఎక్కిద్దామా?"

"మీరేమంటరు చాచా?"

"నువ్వు షాద్‌నగర్ దాక పోవాలె, రావాలె. గీ డైనమోతోని హైవే మీద నిలవడితే నీ లైటు నీకే కనవడది. ఆల్టర్నేటర్ అయితే బండి నిలవడ్డా ఛార్జింగ్ అయితది. లైటు జరంత గూడ తగ్గది."

తగ్గది. మంచి మాటే, ఎవరైనా సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం బాపు గుర్తును ఒకదాన్ని నా నోటితో నేనే చెరిపేయమంటున్నట్టు అనిపించింది. అయినా "ఎక్కియ్యుండ్రి" అన్నాను.

అది సగం పూట పని అనుకున్నాను. నిండా రెండు రోజులు పట్టింది. ఆ పాత బండిలో బ్యాటరీ ప్లస్సు వైరు బాడీకి కలిపి ఉంది. కొత్తదానికి మైనస్సు కలపాలి. అంటే ఇన్నేళ్లూ ఒక దిక్కు పారిన కరెంటును ఇంకో దిక్కుకు తిప్పాలి. ఛార్జింగును అదుపు చేసే కటౌట్ డబ్బా ఇక దేనికీ పనికిరాదు. కొత్తదాన్ని కూర్చోబెట్టడానికి పాత బిగింపులు సరిపోవు, ఇనుప పట్టీ కోసి వెల్డింగ్ చేయించాలి. చాచా ఇవన్నీ చెబుతుంటే వింటున్నట్టు తల ఊపాను. నా కళ్లు బానెట్ మీదే ఉన్నాయి.

ఆయన బానెట్ ఎత్తాడు. నేను వెంటనే చూడలేదు. ఆయన బెల్టు తీసి, బోల్టులు విప్పి, డైనమోను రెండు చేతులతో ఎత్తి గోనెసంచి మీద పెట్టి "గింత దారమేందిరా నాయనా, గిది కారా, పట్టు పురుగు గూడా" అని నవ్వాడు. అప్పుడు వంగి ముందుగా వెనక కొసను చూశాను.

బెజ్జాలన్నీ తెరిచే ఉన్నాయి. ఒక్క పోగు కూడా లేదు.

నా దారం కుళ్లి రాలిపోయిందేమో అనుకున్నాను. కాదు, అది నడుమ మీద ఉంది. పాత దారాలన్నిటికీ పైన, ఎర్ర పట్టు, దుమ్ము కింద ఇంకా ఎర్రగానే. దాని మీద నేను పెట్టిన పసుపూ ఉంది. కానీ నేను గీసింది ఒక్క గీత. ఇప్పుడు అక్కడ గీత లేదు, చుక్కలు ఉన్నాయి. ఒక్కో చుట్టు మీద ఒక్కో చుక్క, ఒకదాని పక్కన ఒకటి కాకుండా మెట్లు మెట్లుగా జరుగుతూ డైనమో చుట్టూ తిరిగిపోయాయి.

మాది ఇక్కత్ నేసే ఇల్లు. నూలును ముందే ఆసు చట్రం మీద చుట్టి, గుర్తులు పెట్టి, కట్లు కట్టి రంగులో ముంచుతాం. తర్వాత నేస్తే రంగు చుక్కలన్నీ వచ్చి ఒకచోట చేరి బొమ్మ అవుతుంది. చుట్టు కొలత వేలి మందం మారినా బొమ్మ చెదిరిపోతుంది. కారు గురించి నాకు ఏమీ తెలియకపోవచ్చు, చెదిరిన చుక్క అంటే ఏమిటో మాత్రం పాలు తాగే వయసు నుంచి తెలుసు. సన్నటి కొస మీద నేను చుట్టిన దారాన్ని ఎవరో మొత్తం విప్పి, లావు నడుమ మీద మళ్లీ చుట్టారు. తెంపకుండా, మొదటి నుంచి చివరి దాకా.

ఎవరో ఏమిటి? ఆ బానెట్ ఎత్తేది ఒక్కడే.

నా తప్పు ఆయనకు కనిపించింది. పండగ తెల్లారే కనిపించి ఉంటుంది. ఫోన్ చేసి తిట్టలేదు. అమ్మతోనూ అనలేదు. కొడుకు కట్టిన దారం కాబట్టి కొయ్యబుద్ధి కాక, నడుం నొప్పితో బానెట్ మీద వంగి, ఆ పొడుగు దారమంతా విప్పి, చోటు మార్చి చుట్టుకున్నాడు.

చాచా నా వైపు చూస్తున్నాడు. నా మొహం ఎలా ఉందో ఏమో, స్టూల్ జరిపి "కూసో" అన్నాడు. ఎన్నేళ్లుగానో లోపల దాచుకున్నదంతా చెప్పేశాను. అంతా విని, డైనమోకు ఉన్న రెండు టెర్మినళ్లనూ ఒక వైరు ముక్కతో కలిపి, బల్ల మీది బ్యాటరీ వైర్లు తెచ్చి అంటించాడు.

"మంచి డైనమోకు బ్యాటరీ ఇస్తే అదే తిరుగుతది. కాలిందైతే తిరుగది. చూడు."

ముందు ఒక వణుకు. తర్వాత దాని ముందున్న చక్రం మెల్లగా కదిలింది. బెల్టు లేదు, ఇంజన్ లేదు. గోనెసంచి మీద ఒంటరిగా పడి ఉన్నది రాట్నంలా తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది. బాపు చివరి ప్రయాణంలో తిరిగిన యంత్రం అది. నాకు భయం వేసింది, దాన్ని ఆపొద్దనీ అనిపించింది.

"దీనికి ఏ రోగం లేదు" అన్నాడు చాచా.

"మరి బ్యాటరీ ఎట్ల దిగింది?"

"చెప్పిన గదా, బండి నిలవడితే గిది ఛార్జ్ చెయ్యది. లైట్లు ఏసి, కాలు ఎత్తి కూసుంటే పాత బ్యాటరీ అర్ధగంటకు దిగుతది. ఎన్క ఇంజన్ గూడ బందయితది. బండి ఆగలే బేటా. మీ బాపే పక్కకు తీసి ఆపిండు."

మర్నాడు తోసినప్పుడు కారు సాఫీగా కదిలిందని గుర్తొచ్చింది. గేరు తీసే ఉంది. నొప్పి వచ్చినా జాగ్రత్తగా రోడ్డు పక్కకు తీసి, గేరు తీసి ఆపుకున్నాడు. ముందు ఆగింది కారు కాదు. నేను ఆ స్టూల్ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గు లేదు. తేలికైపోయాను. ఎప్పుడెప్పుడు ఇంటికి పోయి అమ్మకు చెబుదామా అని ప్రాణం కొట్టుకుంది.

మర్నాడు ఆల్టర్నేటర్ బిగించాక చాచా ఇంజన్ చక్రం నుంచి కొత్త చక్రం దాకా ఒక దారం లాగి పట్టుకున్నాడు. రెండూ ఒక వరుసలో లేకపోతే బెల్టు తినేస్తుందట.

"నాకు సరిగ ఆనుతలేదు. నీది నేతోళ్ల కన్ను గదా, నువ్వు చూడు."

వెంట్రుకంత తేడా ఉంది. చెప్పాను. ఒక వాషర్ వేసి సరిచేశాడు. బండి స్టార్టయింది. ఎర్ర బల్బు వెలిగి ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. బండి నిలబడి ఉన్నా లైట్లు తెల్లగా వెలుగుతూనే ఉన్నాయి. నా కాలు మాత్రం యాక్సిలరేటర్‌ను నొక్కింది. చాచా చూసి తల తిప్పుకున్నాడు. పాత డైనమోను సంచిలో చుట్టి వెనక సీటు మీద పెట్టి, "అమ్మకు సలాం చెప్పు" అన్నాడు.

ఊరి మలుపు దగ్గరికి వచ్చేసరికి పొద్దుగూకింది. కల్వర్టు దగ్గర కావాలనే బాగా నెమ్మది చేశాను. కిటికీకి చీర లేదు. ఆ రోజు అమ్మ విప్పేసింది. వెలుగు చేను దాటి పోయి మా గోడ మీద పడటం కనిపించింది. తగ్గలేదు.

అమ్మ వాకిట్లోకి రాలేదు. కొట్టం ముందు కారు ఆపి హారన్ కొట్టాక వచ్చింది.

"నువ్వా? వెలుగు తగ్గలే. ఎవలదో బండి అనుకున్న."

ఇంజన్ ఆపబోయాను. చెయ్యెత్తి వద్దంది. కారు ముందుకు వచ్చి, కొట్టం గోడ మీద పడుతున్న ఆ రెండు తెల్లటి గుండ్రాల వైపు చూస్తూ నిలబడింది.

"ఇగ తగ్గదా?"

"తగ్గదమ్మా. బండి నిలవడ్డా అట్లనే ఉంటది."

అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మే ముందుగా మొదలుపెట్టింది. గోడతో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"గా దినం గూడ వెలుగు వచ్చింది కొడుకా. కల్వర్టు కాడ తగ్గింది. మల్ల పెరుగలే. అట్లని పోలే. గోడ మీద సన్నగ అట్లనే ఉన్నది. ఎవలన్న కలిస్తె ముచ్చట పెట్టిండేమో అనుకున్న. అంచు నడుస్తుండె, ఇడిసిపెడితే పోగు చెదురుతదని బెత్తెడు నేసిన. తల ఎత్తి చూసేసరికి వెలుగు లేదు. గప్పుడే పాలాయన అరుసుకుంట ఉరికొచ్చిండు."

ఇన్నేళ్లలో అమ్మ ఈ మాట నాతో అనలేదు. నేను దారం మాట అననట్టే.

"కారు కరాబై గట్లయిందన్నరు. సరే అనుకున్న. గాని నాకు మనసున పడుతలేదు. నువ్వు గిప్పుడు అంత ఇప్పి చూసినవ్ గద, నాకు నిజం చెప్పు. డైనమో పోయి వెలుగు తగ్గిందా? మీ బాపు కాలు ఎత్తి కూసున్నందుకు తగ్గిందా?"

నా నాలుక మీద ఉన్న శుభవార్త అక్కడే ఆగిపోయింది. రెండు రోజులుగా నన్ను తేలిక చేసిన సంగతి ఇదే. డైనమో మంచిదే, ఇంజన్ నడుస్తూనే ఉంది, బాపే కాలు ఎత్తాడు. అంటే గోడ మీద ఆ సన్నటి వెలుగు ఉన్నంతసేపు, అమ్మ బెత్తెడు నేసినంతసేపు, బాపు అక్కడ కూర్చునే ఉన్నాడు. నడిచే బండిలో. అమ్మ లేచి పోయి ఉంటే, ఊళ్లో ఎవరో ఒకరు ఆ బండినే దవాఖానకు నడిపి ఉండేవారు. నా మెడ మీది బరువు దిగాలంటే అది పోయి ఆమె మెడ మీద పడాలి. ఇంత ఆలోచించానని చెప్పను, అంత సమయం లేదు. ఆమె మొహం చూశాను, అంతే.

"డైనమో కాలిందమ్మా" అన్నాను. "నేను దసరాకు చుట్టిన దారం దాని బెజ్జాలను మూసింది. చాచా ఇప్పి చూపిచ్చిండు. అందుకే వెలుగు సన్నగైంది, బండి ఆగింది. నువ్వు ఉరికి పోయినా ఆ బండి కదలకపోతుండె."

అమ్మ గోడ మీంచి నా వైపు తిరిగింది. తర్వాత "ఏది, చూపియ్యి" అంది.

అప్పుడు కూడా నాకు తట్టలేదు. వెనక సీటు మీది సంచి తెచ్చి విప్పి, తెల్లటి వెలుగులో ఆమె ముందు పెట్టాను. తొందరపాటు నాకు పుట్టుకతో వచ్చింది. అమ్మ కింద కూర్చుని డైనమోను ఒళ్లోకి తీసుకుంది. చూపుడువేలు ఎర్ర దారం మీద పెట్టింది. ఒక పసుపు చుక్క నుంచి పక్కనున్న చుక్కకు, అక్కడి నుంచి ఇంకోదానికి, ఆ వేలు మెట్లు మెట్లుగా డైనమో చుట్టూ తిరిగి వచ్చింది. నలభై ఏళ్లు ఆసు పోసిన వేలు అది. తర్వాత వెనక కొసకు తిప్పి, తెరిచి ఉన్న బెజ్జాలను ఒక్కొక్కటిగా తడిమింది.

ఆ బెజ్జాలే నా అబద్ధాన్ని బయటపెట్టాయని అప్పుడు అర్థమైంది.

"పసుపు నువ్వే పెట్టినవా?" అంది.

"నేనే."

"దారం?"

"నేనే చుట్టిన."

"మంచిగ చుట్టినవ్ బిడ్డా" అంది అమ్మ. ఆమెకు తెలిసిపోయింది. నేను అబద్ధమాడానని తెలిసింది, ఎందుకు ఆడానో కూడా తెలిసింది. డైనమో మీద కొంగు కప్పి రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

నేను ఇంజన్ ఆపుదామని లేచాను. "బ్యాటరీ దిగుతదా?" అని అడిగింది.

"దిగదమ్మా. ఇప్పుడు ఎంతసేపున్నా దిగది."

"అయితే జరసేపు ఉండనియ్యి."

ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం గోడ వైపే చూస్తూ ఉన్నాం. వెలుగు ఎంతకూ తగ్గలేదు.